నాన్న, బ్యాటరీ, మూడు వేల స్పీకర్లు

పద్దెనిమిది వేలు పెట్టి కొన్న సౌండ్‌బార్ మా బెడ్‌రూమ్‌లో మంచం కింద పడుంది. దాని ఈఎంఐ ఇంకా ఏడు నెలలు కట్టాలి. హాల్లో పాడుతున్నవి మాత్రం రోడ్డు పక్కన కొన్న పాత స్పీకర్లు. ఆంప్లిఫయర్, వైర్లతో కలిపి అన్నీ మూడు వేల లోపే.

ఈ మాట ఆఫీసులో చెప్తే నవ్వారు. "డబ్బు పోయిందన్న బాధలో నీకలా అనిపిస్తోందిలే" అన్నాడు పక్క సీటు ఫ్రెండు. నవ్వితే నవ్వారు. కానీ ఆ స్పీకర్ల వెనక ఉన్న అసలు సంగతి వాళ్ళకి చెప్పలేదు. చెప్పాలంటే మా నాన్న ఏం పని చేసేవాడో చెప్పాలి. పన్నెండేళ్ళుగా నేను ఎవరికీ చెప్పని విషయం అది.

మైక్‌సెట్టు వాళ్ళబ్బాయి

మాది రేపల్లె దగ్గర ఓ పల్లెటూరు. నాన్నకి మైక్‌సెట్టు ఉండేది. పెళ్ళిళ్ళు, శ్రీరామనవమి పందిళ్ళు, వినాయక చవితి, ఎన్నికలు... ఏదైనా నాన్న ఉండాల్సిందే. రెండు ఆంప్లిఫయర్లు, నాలుగు హారన్లు, రెండు పెద్ద బాక్సులు, ఓ ట్రంకుపెట్టె నిండా క్యాసెట్లు. ధనుర్మాసంలో తెల్లవారుజామునే గుళ్ళో సుబ్బులక్ష్మి గారి సుప్రభాతం పెట్టేది ఆయనే. ఎవరైనా పోతే ఘంటసాల గారి భగవద్గీత పెట్టేదీ ఆయనే. ఆ గొంతు వినపడగానే జనం వీధిలోకొచ్చి "ఎవరు పోయారు?" అని అడిగేవాళ్ళు. ఊరి మంచీ చెడూ అన్నీ మా నాన్న హారన్లోంచే తెలిసేవి.

చిన్నప్పుడు నాకది గొప్పగానే ఉండేది. స్కూల్లో "మైక్‌సెట్టోడి కొడుకు" అనడం మొదలెట్టాక కాదు. ఇంటర్‌కి విజయవాడ హాస్టల్లో చేరినప్పుడు, మీ నాన్నగారు ఏం చేస్తారని అడిగితే "ఎలక్ట్రికల్ షాపు" అన్నాను. బీటెక్‌లోనూ అదే మాట, ఉద్యోగంలోనూ అదే. అబద్ధం చిన్నదే. కానీ ఒకసారి చెప్పాక దాన్ని మోస్తూనే ఉండాలి.

ఈలోగా ఊళ్ళోకి డీజే బాక్సులొచ్చాయి. ట్రాక్టర్ మీద గోడలా పేర్చి, గుండె అదిరేలా కొట్టే బాక్సులు. వాటి ముందు నాన్న హారన్లు ముసలివైపోయాయి. ఏడాదికి పది బుకింగులు కూడా లేని రోజొకటి వచ్చింది. రెండేళ్ళ కిందట సామాను తూకానికి అమ్మేసి, అమ్మా నాన్నా నిజాంపేటలో మా ఫ్లాటుకి వచ్చేశారు.

‘చెవుడొచ్చిందా?’

నాన్నకి ఇక్కడ పనేం లేదు. పొద్దున వాకింగు, తర్వాత టీవీ. ఆ టీవీ సౌండు రోజురోజుకీ పెరగడం మొదలైంది. ముప్పై, నలభై, అరవై. పై ఫ్లాటు వాళ్ళు అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పెట్టారు. పేరు రాయలేదు కానీ ఫ్లోరు రాశారు.

ఆ రోజు ఆఫీసులో ఏదో చిరాకు. ఇంటికొచ్చేసరికి టీవీ మోగిపోతోంది. రిమోటు లాక్కుని, "ఏం నాన్నా, చెవుడొచ్చిందా నీకు? ఇదేమన్నా తిరణాల పందిరనుకున్నావా?" అన్నాను.

నాన్న ఏమీ అనలేదు. లేచి బాల్కనీలోకి వెళ్ళాడు. మర్నాటి నుంచి టీవీ పెట్టడం మానేశాడు. అడిగితే "ఏముందిరా అందులో" అనేవాడు.

ఆ తప్పు దిద్దుకుందామనే సౌండ్‌బార్ కొన్నాను. మనకి అలవాటైన పద్ధతే కదా, సారీ చెప్పలేకపోతే ఏదైనా కొనిచ్చేస్తాం! ఆన్‌లైన్‌లో రివ్యూలు చూసి, నల్లగా నిగనిగలాడేది, సబ్‌ఊఫర్ ఉన్నది ఆర్డర్ పెట్టాను. వచ్చింది. సినిమా పెట్టాను. హీరో కొడితే సోఫా అదిరింది. "ఎలా ఉంది నాన్నా?" అంటే "బాగుందిరా" అన్నాడు. పది నిమిషాలు కూర్చుని మళ్ళీ బాల్కనీలోకి వెళ్ళిపోయాడు.

అసలు సంగతి రాత్రి అమ్మ చెప్పింది. "మీ నాన్నకి మాటలు అర్థం కావట్లేదురా. సౌండ్ వినపడుతోందట గానీ ఏమంటున్నారో తెలియట్లేదట. నీకు చెప్పొద్దన్నాడు."

అప్పుడు కూర్చుని చదివాను. వయసుతో పాటు చెవి ముందుగా పోగొట్టుకునేది పై శ్రుతి శబ్దాల్ని. స, ట, క, ఫ లాంటి అక్షరాలు స్పష్టంగా వినపడాలంటే ఆ శబ్దాలే కావాలి. అవి తగ్గితే గొంతు వినపడుతుంది, మాట వినపడదు. పెద్ద శబ్దాల మధ్య ఏళ్ళ తరబడి పని చేసినవాళ్ళకి ఇది ఇంకా ముందే వస్తుంది. నాన్న ముప్పై ఏళ్ళు హారన్ల పక్కనే నిలబడ్డాడు.

దానికి తోడు ఇప్పటి పల్చటి టీవీల్లో స్పీకర్లు చాలావాటికి కిందికో వెనక్కో తిరిగి ఉంటాయి. శబ్దం గోడకి కొట్టుకుని మన దగ్గరికొస్తుంది. నేను కొన్న బార్‌లో బేస్ ఎక్కువ, దాని మీద ‘సినిమా మోడ్’ ఒకటి. గొంతులన్నీ హాలంతా పరుచుకుని పల్చబడిపోయాయి. అంటే పద్దెనిమిది వేలు పెట్టి నాన్నకి బాగా వినపడే కింది శబ్దాల్నే ఇంకా పెంచాను. వినపడని వాటిని అలాగే వదిలేశాను.

ఎర్రగడ్డలో పరీక్ష

ఒక ఆదివారం నాన్నని ఎర్రగడ్డ సంతకి తీసుకెళ్ళాను. ఆదివారం అక్కడ ఫుట్‌పాత్ మీద పాత సామాను సముద్రం. సైకిల్ చక్రాల దగ్గర్నుంచి మిక్సీల దాకా అన్నీ దొరుకుతాయి. నేను వెళ్ళింది వాకింగ్ షూస్ కోసం. నాన్న మాత్రం ఓ పాత స్పీకర్ల కుప్ప దగ్గర ఆగిపోయాడు.

అమ్మే కుర్రాడు హుషారుగా ఓ పెద్ద బాక్సు ముందుకి తోశాడు. "పెద్దాయనా, ఇది తీస్కోండి. లైట్లు కూడా వస్తయి. ఐదు వేల వాట్లు!"

నాన్న నవ్వాడు. చాలా రోజుల తర్వాత. "బాబూ, మీ ఇంట్లో గీజరు రెండు వేల వాట్లుంటుంది. రెండు గీజర్లు కలిపినా ఐదు వేలు కాదు. ఇది మూలనున్న ఈ ప్లగ్గులోంచి ఎలా లాగుతుందయ్యా అంత?"

బాక్సుల మీద రాసే పీఎంపీవో అంకెల కథ అదే. ఒక్క క్షణం పాటు, కాగితం మీద వేసే లెక్క అది. చూడాల్సింది ఆర్‌ఎంఎస్ అని నాన్న చెప్పాడు. అంటే ఆగకుండా ఎంత ఇవ్వగలదో అది.

తర్వాత ఆయన కుప్పలోంచి ఓ జత చిన్న స్పీకర్లు తీశాడు. ఏదో పాత మ్యూజిక్ సిస్టమ్‌తో వచ్చినవి. బ్రాండ్ స్టిక్కర్ ఊడిపోయింది. ముందున్న గుడ్డ తీసి చూశాడు. కోన్ చుట్టూ ఉండే అంచు నొక్కి, "ఇది రబ్బరు. నురగ అంచైతే పదిహేనిరవై ఏళ్ళకి పొడైపోతుంది" అన్నాడు. వేళ్ళు విప్పి కోన్ మీద సమంగా పెట్టి మెల్లగా లోపలికి నొక్కాడు. నన్నూ నొక్కమన్నాడు. "గరగరలాడుతోందా?" "లేదు." "అయితే కాయిల్ మాడలేదు." బాక్సు పక్కన వేలితో కొట్టి చూశాడు. కొబ్బరికాయ కొనేటప్పుడు అమ్మ కొట్టి చూసినట్టే. వెనక ఎనిమిది ఓమ్‌లు అని రాసి ఉంది. దాన్ని చూసి తలూపాడు.

పద్దెనిమిది వందలు చెప్పిన కుర్రాడు పన్నెండు వందలకి దిగాడు. ఇచ్చేటప్పుడు "పెద్దాయనకి ఈ పనే తెల్సినట్టుంది" అన్నాడు.

నాన్న నావైపు చూశాడు. నేను షూస్ కొట్టు వైపు చూశాను.

తర్వాతి శనివారం కోఠి గుజరాతీ గల్లీకి వెళ్ళాం. అరచెయ్యంత ఆంప్లిఫయర్, బ్లూటూత్‌తో సహా పదకొండు వందలు. లోపల టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వాళ్ళ టీపీఏ3116 చిప్ ఉంటుందని షాపతను చెప్పాడు. అడాప్టర్ నాలుగొందల యాభై. వైరు నూట యాభై. మొత్తం రెండు వేల తొమ్మిది వందలు.

నాన్న ఆ ఆంప్లిఫయర్ని చేతిలో తిప్పి తిప్పి చూశాడు. "నా ఆంప్లిఫయర్ ఇరవై కిలోలుండేదిరా. గంట నడిస్తే పైన గుడ్లు వేయించొచ్చు." ఇది క్లాస్ డీ. ఇందులో ట్రాన్సిస్టర్లు సెకనుకు లక్షల సార్లు ఆన్, ఆఫ్ అవుతుంటాయి. సగం తెరిచిన కుళాయిలా ఉండవు. తెరిస్తే పూర్తిగా, మూస్తే పూర్తిగా. అందుకే వేడిగా వృథా అయ్యే కరెంటు చాలా తక్కువ. పెద్ద ట్రాన్స్‌ఫార్మర్, పెద్ద హీట్‌సింక్ అక్కర్లేదు. బరువు తగ్గింది, ధరా తగ్గింది. ఒకప్పుడు వేలల్లో ఉన్న పని ఇవాళ వందల్లోకి రావడానికి ఇదో ముఖ్యమైన కారణం.

ఒకటిన్నర వోల్ట్

ఇంటికొచ్చి నేనే కనెక్ట్ చేశాను. ఎరుపుకి ఎరుపు, నలుపుకి నలుపు. ఫోన్‌లో పాట పెట్టాను.

దరిద్రంగా ఉంది.

బేస్ లేదు. పాడేవాళ్ళ గొంతు ఎక్కడి నుంచి వస్తోందో తెలియట్లేదు. తలచుట్టూ తిరుగుతున్నట్టుంది. "మూడు వేలకి ఇంతే వస్తుంది" అనుకున్నాను. నోటితో అనలేదు కానీ మొహంలో కనపడే ఉంటుంది.

నాన్న కళ్ళు మూసుకుని విన్నాడు. ఒక స్పీకర్ వైరు పీకేశాడు. ఆశ్చర్యం, ఒక్క స్పీకరే పాడుతుంటే బేస్ పెరిగింది! "ఒకటి తిరగబడిందిరా" అన్నాడు.

"లేదు నాన్నా, రంగులు చూసే పెట్టాను."

"రంగులు బయటివి. లోపల ఎవడో రిపేరు చేసి వైర్లు మార్చి అతికించుంటాడు. గోడ గడియారంలో బ్యాటరీ తీసుకురా."

ఆంప్లిఫయర్ ఆపేసి, వైర్లన్నీ తీసేసి, ఆ ఒకటిన్నర వోల్ట్ బ్యాటరీని స్పీకర్ టెర్మినల్స్‌కి ఒక్క క్షణం తాకించాడు. ప్లస్ ఎరుపుకి, మైనస్ నలుపుకి. టప్ మని కోన్ ముందుకొచ్చింది. రెండో దానికీ అలాగే తాకించాడు. దాని కోన్ వెనక్కి పోయింది.

అర్థమయ్యిందా? ఒకటి గాలిని ముందుకి తోస్తుంటే రెండోది వెనక్కి లాగుతోంది. బేస్ శబ్దాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటున్నాయి. "పందిట్లో రెండు బాక్సులు ఇలా తిరగబడితే మధ్యలో కూర్చున్నోళ్ళకి డోలు వినపడదు. పెళ్ళికూతురి తండ్రి నా మీదికొచ్చేవాడు" అన్నాడు నాన్న. ఆ స్పీకర్‌కి వైర్లు అటూ ఇటూ మార్చాడు. తర్వాత రెండింటినీ మూలల్లోంచి జరిపి, ఒక్కో దాని కింద మూడు ఇటుకలు పెట్టి, సోఫాలో కూర్చున్నవాళ్ళ చెవి ఎత్తుకి తెచ్చాడు. కొంచెం లోపలికి తిప్పాడు. రెండు స్పీకర్ల మధ్య ఎంత దూరమో, మన నుంచి వాటికీ సుమారుగా అంతే దూరం.

అదే పాట మళ్ళీ పెట్టాను.

ఎలా చెప్పాలి? రెండు స్పీకర్ల మధ్య, ఏమీ లేని చోట, గొంతు నిలబడింది. ఎడమ పక్క వయొలిన్, వెనకెక్కడో తబలా. పాడే ముందు ఊపిరి పీల్చుకోవడం వినపడింది. ఆ పాట నేను వందసార్లు విన్నాను, ఇయర్‌బడ్స్‌లో, క్యాబ్‌లో. ఆ ఊపిరి ఎప్పుడూ వినలేదు.

ఇంకో సంగతి నాకు రాత్రి పడుకునేటప్పుడు వెలిగింది. చెవుడని నేను తిట్టిన మనిషి, నాకు దొరకని తప్పుని చెవులతోనే పట్టుకున్నాడు. ఆయనకి తగ్గింది పై శబ్దాలు. కింది శబ్దాలు ఎక్కడికీ పోలేదు. ముప్పై ఏళ్ళ పని అసలే పోలేదు.

దుప్పటి వెనకాల

ఆఫీసు ఫ్రెండు నమ్మలేదు కదా. ఓ ఆదివారం నలుగుర్ని భోజనానికి పిలిచాను. ఒక తాడు కట్టి, దుప్పటి వేసి, వెనకాల సౌండ్‌బారూ స్పీకర్లూ పెట్టాను. రెండింటి సౌండూ ఒకేలా ఉండేట్టు ఫోన్ యాప్‌తో కొలిచి సరిచేశాను. ఎందుకంటే కొంచెం గట్టిగా వినపడేదే మనకి బాగున్నట్టనిపిస్తుంది. నలుగురిలో ముగ్గురు స్పీకర్లకే ఓటేశారు. దుప్పటి తీశాక ఒకడు "లేదు లేదు, బార్‌లో బేస్ బాగుంది" అని మాట మార్చబోయాడు!

నవ్వుకున్నాం కానీ ఇది మనుషులందరికీ ఉన్న జబ్బే. 1994లో ఫ్లాయిడ్ టూల్, సీన్ ఆలివ్ అనే ఇద్దరు పరిశోధకులు ఇదే పని పద్ధతిగా చేశారు. స్పీకర్లని చూపించి ఒకసారి, తెర వెనక దాచి ఒకసారి వినిపించి మార్కులు వేయించారు. కళ్ళు తెరిచి విన్నప్పుడు మార్కులు మారిపోయాయి. వినడం అలవాటున్న వాళ్ళూ సైజుకీ, పేరుకీ, ధరకీ లొంగిపోయారు. మనం సగం కళ్ళతోనే వింటాం.

అలాగని చవకైనవన్నీ మంచివని నేననను. నా స్పీకర్లలో పొట్టలోకి దిగే లోతైన బేస్ రాదు. బర్త్‌డే పార్టీకి పనికిరావు. సినిమాలో బాంబు పేలితే టపాకాయే. కానీ ఓ హాల్లో నలుగురు కూర్చుని వినడానికి ఒకట్రెండు వాట్లు చాలు. వాట్లు రెండింతలు చేస్తే పెరిగేది మూడు డెసిబెల్సే. చెవికి రెట్టింపు సౌండులా అనిపించాలంటే పది రెట్ల వాట్లు కావాలి. అందుకే యాభై వాట్లకీ వందకీ మధ్య తేడా కొట్టువాడికి తెలిసినంతగా మన చెవికి తెలియదు.

మీరూ కొనేటట్టయితే నాన్న మాటలు ఇవి. డబ్బులో ఎక్కువ భాగం స్పీకర్లకి పెట్టండి, ఆంప్లిఫయర్‌కి తక్కువ. గది మూలలో పెట్టొద్దు, బేస్ ఉబ్బిపోయి మాట మునిగిపోతుంది. ఖాళీ గోడలుంటే శబ్దం గింగురుమంటుంది, కర్టెన్, చాప, పుస్తకాల బీరువా ఏదో ఒకటి ఉండాలి. ఆంప్లిఫయర్ ఎన్ని ఓమ్‌లు తట్టుకుంటుందో చూడకుండా రెండు స్పీకర్లని ఒకే చోట కలపొద్దు, ఎనిమిదీ ఎనిమిదీ పక్కపక్కన కలిపితే నాలుగవుతుంది. ఇక ముఖ్యమైంది. ఏదైనా మార్చే ముందు కొత్తది కొనకండి, ఉన్నదాన్ని ఓ అడుగు జరిపి చూడండి. అది ఉచితం.

మైక్‌సెట్టు

మాటలు స్పష్టమయ్యాయి కానీ మంత్రం పడినట్టేం కాలేదు. ఒకరోజు వార్తలు చూస్తూ నాన్నే అన్నాడు. "పై సౌండ్లు పోయాయిరా నాకు. దుకాణం ముయ్యక ముందే తెలుసు. మైక్‌సెట్టోడికి వినపడట్లేదని తెలిస్తే ఎవడు పిలుస్తాడని చెప్పలేదు."

నాకు నోట మాట రాలేదు. పన్నెండేళ్ళు నేను ఆయన పని దాచాను. ఆ పని కోసం ఆయన తన చెవుల్ని దాచుకున్నాడు.

"ఆ రోజు అలా అనకుండా ఉండాల్సింది నాన్నా" అన్నాను. ఆయన టీవీ వైపే చూస్తూ, "సౌండు ఎక్కువే పెట్టాన్లేరా" అన్నాడు.

వారం తర్వాత వినికిడి పరీక్షకి వెళ్ళాం. కాగితం మీద గీత ఎడమ నుంచి బాగానే వచ్చి, కుడి వైపు కొండ మీంచి జారినట్టు దిగింది. చెవి మిషన్ పెట్టుకోవడానికి ఒప్పుకున్నాడు. మొదటి రోజు ఫ్యాన్ చప్పుడు, కవర్ల చప్పుడు భరించలేక తీసేశాడు. ఇప్పుడు రోజూ నాలుగైదు గంటలు పెట్టుకుంటున్నాడు. టీవీ సౌండ్ ఇరవై రెండు దగ్గరుంటోంది.

అన్నట్టు, మీరు ఇయర్‌బడ్స్‌లో ఇది వింటూ చదువుతున్నట్టయితే ఓ మాట. ఎనభై డెసిబెల్స్‌లో వారానికి నలభై గంటలు, అదే పెద్దలకి హద్దు అంటోంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. సౌండ్ పెరిగేకొద్దీ ఆ గంటలు గబగబా తగ్గిపోతాయి. నాన్న హారన్ల పక్కన నిలబడింది పొట్టకూటికి. మనకి ఆ అవసరం లేదు.

మొన్న ఆఫీసు ఫ్రెండు వాళ్ళ తాతగారి పాత స్పీకర్లు రెండు మూటగట్టుకుని మా ఇంటికొచ్చాడు. నాన్న చెవి మిషన్ సరిచేసుకుని, గుడ్డ తీసి, కోన్ నొక్కి చూస్తున్నాడు. ఫ్రెండు నా చెవిలో, "అంకుల్‌కి ఇవన్నీ ఎలా తెలుసు? ఎలక్ట్రికల్ షాపు అన్నావు కదా" అన్నాడు.

"లేదురా" అన్నాను, నాన్నకి వినపడేంత గట్టిగా. "మా నాన్నకి మైక్‌సెట్టు ఉండేది."

నాన్న తలెత్తలేదు. "గడియారంలో బ్యాటరీ తీసుకురా" అన్నాడంతే.